ఎవరూ తన్నని ఫుట్‌బాల్

రాళ్ళవాగుపాలెం ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు గోవర్ధనరావు గారు రిటైరయ్యేనాటికి బడి గ్లోబు కనబడలేదు. స్టాండు ఉంది, స్టాండుకి ఇనప చువ్వ ఉంది, చువ్వ మీద ఉండాల్సిన భూమండలం మాత్రం లేదు. పోతే పోయింది, బజార్లో దొరికేదేగా, ఒకటి కొని పెట్టేస్తానన్నాడాయన. వీల్లేదన్నారు. ఆయన కొనేది సొంత గ్లోబు, పోయింది సర్కారు గ్లోబు, రెండూ ఒకటెలా అవుతాయి? ఆ సంగతి తేలేదాకా పింఛను ఆపారు. ఏళ్ళు గడిచాయి గానీ సంగతి తేలలేదు. ఇప్పటికీ ప్రతి సోమవారం ఆయన ఆ ఖాళీ స్టాండు చంకలో పెట్టుకుని వచ్చి జిల్లా ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని గొడుగులు బాగుచేసే మనిషనుకుంటారు.

ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి వచ్చినవాడు యర్రంశెట్టి చిదంబరం. లెక్కల మాస్టారు, మంచి మాస్టారు. పిల్లల దోసిళ్ళలో చింతగింజలు పోసి భిన్నాలు చెప్పేవాడు. చింతగింజలు పోతే అడిగే నాథుడు లేడు కాబట్టి ధైర్యంగా పోసేవాడు. హెడ్మాస్టరయిన రోజున గోవర్ధనరావు గారు స్టాండుతో సహా వచ్చి, పిల్లలదేముంది, ఏటా కొత్తవాళ్ళొస్తారు, సామాను మాత్రం జాగ్రత్తయ్యా అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట చిదంబరం మాస్టారి గుండెల్లో దిగబడిపోయింది.

దిగబడడానికి కారణం ఇంట్లో ఉంది. ఆయన భార్య విశాలాక్షికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్ తప్పదన్నారు. మొగుడూ పెళ్ళాం కూర్చుని లెక్క చూసుకున్నారు. రిటైరయ్యాక వచ్చే గ్రాట్యుటీతో కుడి మోకాలు, పింఛనులోంచి ముందుగా చేతికిచ్చే సొమ్ముతో ఎడమ మోకాలు. అప్పట్నుంచీ ఆవిడ మెట్టెక్కుతూ అమ్మా అన్నప్పుడల్లా ఆయనకి గ్లోబు లేని స్టాండు కళ్ళ ముందు ఆడేది.

అలాంటి మనిషి నెత్తిన వచ్చి పడింది, బాలల సర్వతోముఖ వికాస నిధి.

పిల్లలు ఎంతసేపూ పుస్తకాలు బట్టీ కొట్టడమేనా, పాడొద్దా, ఆడొద్దా, బొమ్మలు వేయొద్దా అని పైవాళ్ళెవరో అన్నారు. మాటకి మంచి మాటే, అన్నవాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. ఆ మాట రాజధానిలో బయల్దేరి రాళ్ళవాగుపాలెం చేరేసరికి లారీ అయింది. లారీలోంచి హార్మోనియం దిగింది, మృదంగం దిగింది, చదరంగం బల్లలు, రంగుల పెట్టెలు, నాటకాల కిరీటాలు, చంద్రుణ్ణి చూసే టెలిస్కోపు దిగాయి. అన్నిటికన్నా చివర ఒక ఫుట్‌బాల్, దానికి గాలి కొట్టే పంపు దిగాయి. బంతి నలుపూ తెలుపూ ముక్కలతో, కొత్త చెప్పుల వాసన వేస్తూ నిగనిగలాడుతోంది.

ఆటలు నేర్పే పీఈటీ ఆశీర్వాదం ఆ బంతిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. వయసులో ఉండగా జిల్లా జట్టుకి ఆడినవాడు. బడికి వచ్చిన ఇన్నేళ్ళలో పిల్లలతో గుడ్డలబంతి తప్ప ఆడించే యోగం పట్టలేదు పాపం. మనవణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే మాస్టారు గబగబా వచ్చి అతని చేతులు కడిగినవో కాదో చూశాడు.

సామానుతో పాటు రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటి దాంట్లో ఇలా ఉంది: "ప్రతి విద్యార్థియు ప్రతి వస్తువుతో ప్రతిదినము ఆనందించవలెను. ఆనందించుచుండగా ఫోటో తీసి యాప్‌నందు నమోదు చేయవలెను." రెండో దాంట్లో ఇలా ఉంది: "సదరు వస్తువులు సరఫరా చేయబడిన స్థితియందే సదా ఉండవలెను. అరుగుదల, చిరుగుదల, గీత, మరక కానవచ్చినచో ప్రధానోపాధ్యాయుని విరమణ ప్రయోజనముల నుండి రాబట్టబడును." రెండిటి కిందా సంతకం ఒక్కరిదే, జిల్లా ప్రాజెక్టు అధికారి పరాంకుశం గారిది.

ఇంకొకరైతే ఆ రెండు కాగితాలూ చూసి తల బాదుకునేవారు. చిదంబరం మాస్టారు లెక్కల మనిషి. రెండు సమీకరణాలున్నాయంటే రెండిటికీ సరిపోయే జవాబు ఒకటి ఉండి తీరాలని ఆయన నమ్మకం. ఒక పూటంతా ఆలోచించాడు, జవాబు దొరికింది. పిల్లలు ఆనందించాలి, వస్తువుని ముట్టకూడదు. అంతే.

ఆరో తరగతి గది ఖాళీ చేయించి వికాస గది అని పేరు రాయించాడు. పిల్లలు వరండాలోకి వచ్చారు. గదికి తాళం పడింది, తాళంచెవి మాస్టారి మొలతాడుకి చేరింది. రోజూ సాయంత్రం బంతిని గుడ్డలో చుట్టి తెచ్చి, గ్రౌండు మధ్యలో స్టూలు మీద పెట్టేవారు. చుట్టూ తాడు కట్టేవారు. తాడుకి ఇవతల పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు, అంటే లేని బంతితో అన్నమాట. ఆశీర్వాదం ఈల వేస్తే లేని బంతిని తన్నాలి, లేని బంతి వెంట పరుగెత్తాలి, మాస్టారు ఫోటో తీసుకుంటాడు. స్టూలు మీది బంతి, వెనకాల ఎగిరే పిల్లలు, ఫోటోలో చూస్తే లోపమేమీ కనబడేది కాదు.

మొదట్లో పిల్లలు నవ్వారు. పిల్లలు గదా, నాలుగు రోజులకి నిజంగానే ఆడటం మొదలెట్టారు. ఏడో తరగతి కెజియా అని ఒక పిల్ల ఉంది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఆ పిల్ల లేని బంతిని తన్నిందంటే ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. గోల్‌కీపరు పక్కకి దూకి దుమ్ము కొట్టుకుని లేచి, నా వేలికి తగిలి పోయింది సార్ అని ఒట్టు పెట్టుకునేవాడు. గోలు పడిందని సగం మంది, పడలేదని సగం మంది జుట్లు పట్టుకునేవాళ్ళు. ఆశీర్వాదం మాత్రం ఈల నోట్లో పెట్టుకుని స్టూలు వంకే చూస్తుండేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"సార్, ఒక్కసారి తన్ననీండి సార్. ఆ పిల్ల కాలికి బంతి తగిలితే ఎట్టా ఉంటదో చూడాలనుంది."

"నాకూ చూడాలనే ఉంది ఆశీర్వాదం. మా ఆవిడ మోకాళ్ళు కూడా చూడాలి గదా" అన్నాడు మాస్టారు.

తక్కిన విద్యలు కూడా ఇదే పద్ధతిలో సాగాయి. హార్మోనియాన్ని కిటికీలోంచి చూస్తూ పిల్లలు సొంత తొడల మీద వేళ్ళు ఆడించేవాళ్ళు, చర్చిలో పాడే అలవాటున్న ఆశీర్వాదం నోటితో స్వరం ఇచ్చేవాడు. బొమ్మల క్లాసులో విప్పని పెట్టెల మీద రంగుల పేర్లు గట్టిగా చదివించేవారు. టెలిస్కోపుకి మూత తీయకపోవడం వల్ల చంద్రుడు కనబడకపోయినా, కనబడితే ఎక్కడుంటాడో పిల్లలు చక్కగా వేలు పెట్టి చూపించేవాళ్ళు.

ఏడాది తిరిగేసరికి పరాంకుశం గారు తనిఖీకి దిగాడు. భూతద్దం తెచ్చుకుని బంతిని ముక్క ముక్కా చూశాడు. హార్మోనియం మెట్లు చూశాడు. కిరీటాల్లో ఏ పిల్లవాడి తలనూనె మరకైనా ఉందేమోనని వాసన చూశాడు. ఏమీ దొరకలేదు. బయటికొచ్చి లేని బంతి ఆట చూసి, కెజియా గోలు కొడితే చప్పట్లు కూడా కొట్టాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చిదంబరంగారూ, వస్తువు యొక్క వినియోగమును, వస్తువు యొక్క సంరక్షణను ఏకకాలమున సమన్వయపరచిన ప్రథమ పాఠశాల మీది. జిల్లాలో తక్కిన పాఠశాలలందు బంతులు చినిగిపోయినవి, మృదంగములు పగిలినవి, రంగులు అయిపోయినవి. వికాసము పేరిట విధ్వంసము జరుగుచున్నది. మీ అరుగుదల సూచీ సున్న. దీనికి నిర్వస్తుక బోధన అని నామకరణము చేసి పైకి వ్రాయుచున్నాను."

పైకి రాశాడు. అంత బాగా కాపాడేవాళ్ళకి కాక ఇంకెవరికిస్తారు, బహుమానంగా ఇంకో లారీ సామాను వచ్చింది. ఏడో తరగతి గది నిండింది. ఆ సామాను కూడా గీత పడకుండా కాపాడాడని మూడో లారీ వచ్చింది. ఈ రెండు లారీల్లో డోళ్ళు వచ్చాయి, జిమ్నాస్టిక్సు పరుపులు వచ్చాయి, వీణలు, తోలుబొమ్మలు, ఈత కొట్టేవాళ్ళ కళ్ళద్దాలు వచ్చాయి. ఈత కొట్టడానికి రాళ్ళవాగులో రాళ్ళు తప్ప నీళ్ళు లేవు, అది వేరే సంగతి. ఫుట్‌బాల్ మాత్రం ఎందుకో మళ్ళీ రాలేదు. ఎనిమిది, తొమ్మిది, పది, సైన్సు ల్యాబు, చివరికి హెడ్మాస్టరు గది, అన్నీ నిండిపోయాయి. మాస్టారు కుర్చీ వరండాలోకి, వరండాలోని పిల్లలు వేపచెట్ల కిందికి వచ్చారు.

వేపచెట్ల కింద వేసవి దాకా ఫరవాలేదు. వానలు పడేసరికి పిల్లలు తడిసిన పుస్తకాలతో ఇళ్ళకి వెళ్ళడం మొదలెట్టారు. తల్లులు వచ్చి, సారూ, గదులు ఇయ్యండి అని అడిగారు. పరుపులు తడిస్తే నా పింఛను తడుస్తుందమ్మా అని మాస్టారు నిజమే చెప్పాడు. తల్లులు ఆయన్ని తిట్టలేదు, పిల్లల్ని వాగవతలి బడిలో చేర్చారు. ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. పిల్లలు లేని చోట పంతుళ్ళెందుకని వాళ్ళనీ, పీఈటీ ఎందుకని ఆశీర్వాదాన్నీ అక్కడికే వేశారు. వెళ్ళేముందు ఆశీర్వాదం మెడలోని ఈల చూపించి, ఇది నా సొంతం సార్, మీ స్టాక్‌లోది కాదు అని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ మాటకి మాస్టారికి ఎక్కడో కలుక్కుమంది గానీ, కలుక్కుమన్నది స్టాకులోది కాదు కాబట్టి పట్టించుకోలేదు.

ఆ ఏడే రాళ్ళవాగుపాలెం బడికి సర్వతోముఖ వికాసంలో రాష్ట్రంలోకెల్లా ఉత్తమ పాఠశాలగా అవార్డు వచ్చింది. వస్తువులకు విద్యార్థుల వలన కలుగు ముప్పును సంపూర్ణముగా నివారించినందుకు అని ప్రశంసాపత్రంలో రాశారు. శాలువా కప్పేటప్పుడు మాస్టారికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చి శాలువా విశాలాక్షి మోకాళ్ళ మీద కప్పి, ఇంక ఒక్క నెల అన్నాడు.

నెలా అయింది. రిటైరయ్యే రోజు ఉతికిన పంచె కట్టుకుని, తాళంచెవుల గుత్తి చేతబట్టుకుని, వచ్చే హెడ్మాస్టరు కోసం వరండాలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. జిల్లా ఆఫీసుకి వెళ్ళి పరాంకుశం గారి ముందు నిలబడ్డాడు.

"విద్యార్థులు లేని పాఠశాలకు ప్రధానోపాధ్యాయ పోస్టు మంజూరు కాదు" అన్నాడాయన ఎంతో ఓపిగ్గా. "పోస్టు లేనిదే వ్యక్తి రాడు. వ్యక్తి రానిదే మీరు బాధ్యతలు అప్పగింపజాలరు. అప్పగించనిదే బకాయి లేదను ధ్రువపత్రము జారీ కాదు. అది లేనిదే విరమణ ప్రయోజనములు లేవు. ఇందులో ఎక్కడా లోపము లేదు, గమనించితిరా?"

"మరి అప్పటిదాకా సామాను ఎవరు చూడాలండీ?"

"మీరే. జీతము ఉండదు. బాధ్యత ఉండును."

బయటికొస్తుంటే వరండాలో గోవర్ధనరావు గారు కొంచెం పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చాడు. మాస్టారు కూర్చోలేదు. కూర్చుంటే ఇంక లేవలేనని భయం పట్టుకుంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పి, గోడకేసి తిరిగి పడుకున్నాడు. విశాలాక్షి చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"ఏవండీ, పోస్టు రావాలంటే పిల్లలు కావాలంటున్నారు. పిల్లలు కావాలంటే పిల్లల్ని అడగాలి గానీ, ఆ పరాంకుశాన్ని అడిగితే ఏం వస్తుంది?" అన్నది.

మర్నాడు చిదంబరం మాస్టారు వాగు దాటాడు. మొదట వెళ్ళింది కెజియా ఇంటికి, ఆ పిల్ల వస్తే తక్కినవాళ్ళు వెంట వస్తారని ఆయనకి తెలుసు. తల్లి రత్నకుమారి వాకిట్లో మిషను మీద జాకెట్లు కుడుతోంది. సారుకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నాదేముంది సారూ, అడిగేదేదో దాన్నే అడగండి అన్నది. కెజియా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

మాస్టారు అడిగాడు. అవార్డొచ్చిన బడి అన్నాడు, మూడు లారీల సామానుందన్నాడు. ఆ పిల్ల అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"బంతి ఇస్తారా సార్? ఉన్న బంతి?"

మాస్టారు మనసులోనే లెక్క వేశాడు. బంతి ఇస్తే గీత పడుతుంది, గీత పడితే పింఛను పోతుంది. ఇవ్వకపోతే పిల్లలు రారు, పిల్లలు రాకపోతే పింఛను అసలే లేదు. ఎన్ని విధాలుగా గుణించినా ఈ లెక్కకి ఆయన కోరిన జవాబు రావడం లేదు. జీవితంలో మొదటిసారి లెక్క వదిలేశాడు. లేచి నిలబడి, ఇస్తానమ్మా అన్నాడు.

సోమవారం నాటికి కెజియా వెనకాల పిల్లలు గుంపుగా వాగు దాటి వచ్చారు. సెలవు పెట్టి ఆశీర్వాదం కూడా వచ్చాడు. ముందు గదులు కావాలి గదా, సామానంతా బయటికి మోశారు. ఈసారి హార్మోనియాలూ, వీణలూ, పరుపులూ టార్పాలిన్ల ముసుగేసుకుని వేపచెట్ల కిందికి వెళ్ళాయి, పిల్లలు గదుల్లోకి వెళ్ళారు. సాయంత్రం మాస్టారు గుడ్డ విప్పి బంతిని స్వయంగా తెచ్చి గ్రౌండులో నేల మీద పెట్టాడు. స్టూలు లేదు, తాడు లేదు. పిల్లలు దగ్గరికి రావడానికి జంకారు. మూడేళ్ళుగా దూరం నుంచి దణ్ణం పెట్టిన బంతి మరి.

ఆశీర్వాదం ఈల వేశాడు. కెజియా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి పరుగెత్తుకొచ్చి తన్నింది.

బంతి లేచింది. లేచి, గాల్లోనే ఠప్పుమని, మూతి తెరుచుకుని చాటంత చింపుతో కింద పడింది. మూడేళ్ళు ఎవరూ తన్నక, లోపలి రబ్బరు చీకిపోయింది. అతుకులు పుచ్చిపోయాయి. పైకి మాత్రం భూతద్దం పెట్టినా గీత లేదు.

కెజియా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మాస్టారి వంక చూసింది. ఆశీర్వాదం ఈల తీసి జేబులో వేసుకున్నాడు. చిదంబరం మాస్టారు నెమ్మదిగా నడిచి వెళ్ళి ఆ తోలు తీసుకుని దుమ్ము దులిపాడు. కుడి మోకాలూ ఎడమ మోకాలూ రెండూ ఆ చింపులోంచి కనబడ్డాయాయనకి. ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు పట్టరాని కోపం కూడా వచ్చింది. ఆ కోపం పిల్ల మీద కాదు.

"గట్టిగా తన్నావమ్మా" అన్నాడు. "మీ అమ్మ దగ్గర గుడ్డముక్కలుంటాయిగా. కూరి, కుట్టి పట్రా."

రత్నకుమారి జాకెట్ల పీలికలు కూరి గట్టిగా కుట్టిచ్చింది. మర్నాటి నుంచీ ఆ బంతితోనే ఆట. అంత ఎగరదు గానీ, ఉన్న బంతి. పిల్లలు నిలబడ్డారు, పోస్టు మంజూరైంది, హైమవతి అని కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ఒక్కొక్క వస్తువూ చూసి టిక్కు పెట్టుకుంటూ ఫుట్‌బాల్ దగ్గర ఆగింది. పగిలిన బంతైనా సరే, చేతికి అప్పగిస్తే సగం ఖరీదు కట్టించుకుని వదిలేస్తారు, అసలే కనబడకపోతే విచారణ. కొత్తగా వచ్చిన ఆ నిబంధన మాస్టారికి కంఠతా వచ్చు, అప్పగించిన బంతి మళ్ళీ తాళంలోకి పోతుందనీ తెలుసు.

కిటికీలోంచి కేకలు వినిపిస్తున్నాయి. కెజియా గోలు కొట్టింది, కీపరు ఒప్పుకోవడం లేదు.

"పోయిందమ్మా" అన్నాడు చిదంబరం మాస్టారు.

హైమవతి కిటికీలోంచి చూసింది. దుమ్ములో దొర్లుతున్న ఆ నలుపూ తెలుపూ బంతిని కాసేపు చూసి, కనబడుట లేదు అని రాసి సంతకం పెట్టింది. గాలి పంపు మాత్రం, బంతి లేని పంపు తనకెందుకని ఆయన చేతికే ఇచ్చేసింది.

పరాంకుశం గారు విచారణ మొదలెట్టాడు. ధర్మాత్ముడు, అంతా ఆపలేదు. గ్రాట్యుటీ వదిలాడు, విశాలాక్షి కుడి మోకాలు బాగుపడింది. ఎడమ మోకాలు ఫుట్‌బాల్ దగ్గర ఆగింది. సోమవారం పొద్దున ఆవిడే కుంటుకుంటూ వచ్చి క్యారేజీ చేతికిచ్చి, పెరుగన్నం చివర్లో తినండి అని చెప్పి పంపింది.

జిల్లా ఆఫీసు వరండాలో గోవర్ధనరావు గారు జరిగి చోటిచ్చాడు. ఈసారి చిదంబరం మాస్టారు కూర్చున్నాడు. ఒకరి ఒళ్ళో ఖాళీ స్టాండు, ఒకరి ఒళ్ళో గాలి పంపు. పెద్దాయన చాలాసేపు ఆ పంపు వంక చూశాడు.

"పోనీ, ఎవరన్నా తన్నారా ఆ బంతిని?" అని అడిగాడు.

"తన్నారండీ. రోజూ తన్నుతున్నారు."

గోవర్ధనరావు గారు స్టాండు మీది ఇనప చువ్వని వేలితో మెల్లిగా నిమిరాడు.

"అదృష్టవంతుడివయ్యా. నా గ్లోబుని ఒక్క పిల్లాడు కూడా తిప్పలేదు. నేను తిప్పనీలేదు" అన్నాడు.

చిదంబరం మాస్టారు క్యారేజీ విప్పి, పెరుగన్నం గిన్నె ఆయన ముందుకి జరిపాడు.